నోరెండే పెద్దవాళ్ల పళ్లకు ఏది వాడాలి: పేస్టు, పూత, సిల్వర్ మందు, ట్రే

చిన్నప్పుడు పన్ను పుచ్చేది నమిలే చోట, దవడపంటి మీది గుంటల్లో. అరవై దాటి నోరు ఎండటం మొదలయ్యాక ఆ చోటు మారిపోతుంది. చిగురు కిందికి జారి బయటపడ్డ వేరు మీద, సరిగ్గా చిగురంచును ఆనుకుని, గోధుమరంగు చారలా మొదలై పంటి మెడ చుట్టూ పాకుతుంది. చాలాసార్లు నొప్పి ఉండదు. ఒకరోజు జంతిక కొరుకుతుంటే పన్ను మెడ దగ్గర విరిగి చేతిలోకి వస్తుంది, వేరు లోపలే ఉండిపోతుంది. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకే ఈ పుచ్చును ముందే ఆపుకోవాలి.

అసలు లాలాజలం చేసే పనేమిటో తెలిస్తే ఎంపిక సులువవుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. తిన్నదాన్ని కడుగుతుంది, బ్యాక్టీరియా తయారుచేసిన ఆమ్లాన్ని విరుస్తుంది, కరిగిపోయిన కాల్షియం, ఫాస్ఫేట్‌లను పంటికి తిరిగి ఇస్తుంది. పంటి మీది ఎనామిల్ కరగాలంటే నోటిలో పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 దాకా పడిపోవాలి. వేరు అంత ఓర్చుకోదు, 6.2 నుంచి 6.5 మధ్యకు రాగానే కరగడం మొదలవుతుంది. అంటే చిగురు జారి, నోరు ఎండిన మనిషికి చక్కెర వేసిన కాఫీ నాలుగు గుక్కలే చాలు. పైగా ఆ ఆమ్లాన్ని కడిగే ఊట లేదు కాబట్టి అది అక్కడే నిలిచిపోతుంది.

నీళ్లు తాగితే తడి వస్తుంది, ఆ రక్షణ రాదు. దాని స్థానంలో మనం పెట్టగలిగింది ముఖ్యంగా ఫ్లోరైడ్. ఏ రూపంలో పెట్టాలన్నదే ప్రశ్న. అంగడిలో ఎక్కువ గాఢత ఉన్నది మంచిదనుకోవడం సహజం కానీ, ఆ మందు పంటి మీద ఎంతసేపు నిలుస్తుంది, రోజూ ఎవరి చెయ్యి దాన్ని పెడుతుంది అనేవి అంతకంటే ముఖ్యం. వణికే చేతికి ఇచ్చిన ఖరీదైన ట్యూబు కంటే, మూడు నెలలకోసారి డెంటిస్టు పూసే పూత ఎక్కువ పనిచేస్తుంది.

ముందు ఈ ఐదు విషయాలు చూసుకోండి

*నోరు ఎంత ఎండింది?* నోరు ఎండినట్టు అనిపించడం ఒకటి, నిజంగా ఊరకపోవడం ఒకటి. ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. తిని, తాగి గంట దాటాక తల కొంచెం వంచి కూర్చోవాలి. పది నిమిషాలపాటు మింగకుండా, ఊరిందంతా చిన్న గ్లాసులోకి వదలాలి. సూది లేని సిరంజితో లాగి కొలవాలి. పది నిమిషాలకు 1 మి.లీ. కూడా రాకపోతే నోరు గట్టిగానే ఎండినట్టు. కొలవడం కుదరకపోతే నోరు తెరిపించి టార్చి వేసి చూడండి. నాలుక కింద మడుగులా తడి నిలుస్తోందా? చెంప లోపలివైపు చిన్న అద్దం ఆనించి తీస్తే జారుతోందా, పట్టుకుంటోందా? లాలాజలం తెల్లగా నురగలా, తీగలా ఉందా?

*వేర్లు బయటపడ్డాయా, మచ్చలున్నాయా?* పై పెదవి ఎత్తి చిగురంచు వెంట చూడండి. ఎనామిల్ తెల్లగా మెరుస్తుంది, వేరు పసుపుగా, మెరుపు లేకుండా ఉంటుంది. వేరు మీద మచ్చ ఉంటే రంగుకంటే దాని గట్టిదనం ముఖ్యం. డెంటిస్టు మొనదేలిన పరికరంతో మెల్లగా తాకినప్పుడు తోలులా లొంగితే పుచ్చు నడుస్తున్నట్టు. నల్లగా, గాజులా గట్టిగా, నున్నగా ఉంటే ఆగిపోయినట్టు. మొనతో గట్టిగా పొడవనివ్వకండి, మెత్తబడ్డ వేరు దానికే గుంటపడుతుంది. కింది ముందుపళ్ల కొరికే అంచులు కూడా చూడండి. మామూలు నోటిలో ఆ అంచు దాదాపు పుచ్చదు. అక్కడ పుచ్చు కనిపించిందంటే నోరు బాగా ఎండినట్టే.

*చెయ్యి లేస్తుందా, పుక్కిలించి ఉమ్మగలరా?* కీళ్లవాతం, పార్కిన్సన్స్, పక్షవాతం, మతిమరుపు ఉన్నవాళ్ల విషయంలో ఎంపికంతా దీనిమీదే ఆధారపడుతుంది.

*డెంటిస్టు దగ్గరికి ఏడాదికి ఎన్నిసార్లు తీసుకెళ్లగలరు?* నిజాయితీగా లెక్క వేయండి. నాలుగుసార్లనుకుని ఒక్కసారీ వెళ్లనివాళ్లే ఎక్కువ.

*తీపి రోజుకు ఎన్నిసార్లు?* ఎంత తీపి అన్నదానికంటే ఎన్నిసార్లు అన్నదే లెక్క. నోరు ఎండితే ఆవకాయ మండుతుంది, గట్టి అన్నం గొంతు దిగదు. దాంతో పెద్దవాళ్లు తెలియకుండానే టీలో ముంచిన బిస్కెట్, పాలూ బ్రెడ్డూ వైపు జారిపోతారు. మధ్యమధ్య నోరు తడవడానికి పటికబెల్లం ముక్కో, దగ్గు బిళ్లో బుగ్గన పెట్టుకుంటారు. రాత్రి బుగ్గన పెట్టుకున్న పటికబెల్లం పక్కపంటి వేరును చాలా త్వరగా తినేస్తుంది. పై పూతలన్నీ చేయించి ఈ అలవాటు మానకపోతే డబ్బు దండగే.

ఇవి కాక మందుల చీటీ. నోరు ఎండటానికి మాత్రలే మొదటి కారణం. నరాల నొప్పికీ నిద్రకూ ఇచ్చే అమిట్రిప్టిలిన్, జలుబుకు సెటిరిజిన్, క్లోర్‌ఫెనిరమిన్, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, సోలిఫెనాసిన్, వణుకుకు ట్రైహెక్సీఫెనిడిల్, నీరు తీసే ఫ్యురోసమైడ్. రెండు మూడు కలిస్తే ఎండటం ఇంకా పెరుగుతుంది. సొంతంగా ఆపకండి. చీటీ రాసిన డాక్టరును సూటిగా అడగండి: ఇది ఇంకా అవసరమా, మోతాదు తగ్గించవచ్చా, నోరు తక్కువ ఎండబెట్టే మందుకు మార్చవచ్చా, వేళ మార్చవచ్చా? నిద్రలో లాలాజలం ఎవరికైనా దాదాపు ఆగిపోతుంది. అలాంటి వేళకు ఎండబెట్టే మందు కూడా తోడైతే పంటికి రాత్రంతా కాపలా ఉండదు.

ఏది ఎంచుకున్నా ఈ పునాది తప్పదు

మన ఇళ్లలో పళ్లు తోమేది పొద్దున్నే, కాఫీకి ముందు. తోమాక నాలుక గీసుకుని, నోటినిండా నీళ్లు పోసుకుని నాలుగైదుసార్లు పుక్కిలించి ఊస్తాం. నోరెండిన మనిషి విషయంలో ఇందులో రెండు తప్పులున్నాయి. అసలు తోమాల్సిన రాత్రి పూట తోమడం లేదు. తోమినప్పుడు పెట్టిన ఫ్లోరైడ్‌ను మనమే కడిగేస్తున్నాం.

రాత్రి పడుకోబోయే ముందు, మాత్రలు కూడా వేసుకున్నాక, శనగగింజంత పేస్టుతో మెత్తటి బ్రష్‌ను చిగురంచు మీద ఆనించి రెండు నిమిషాలు తోమాలి. నురగ ఉమ్మేయాలి. నీళ్లతో పుక్కిలించకూడదు. మొదటి వారం నోరు పేస్టు రుచిగా ఉందని అంటారు, తర్వాత అలవాటైపోతుంది. రోజుకు ఒక్కసారే తోముతామంటే ఆ ఒక్కసారి రాత్రి కావాలి.

పేస్టు డబ్బా మీద సోడియం ఫ్లోరైడ్ 0.22 శాతం అనిగానీ, సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ 0.76 శాతం అనిగానీ ఉంటే సుమారు 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) ఫ్లోరైడ్ ఉన్నట్టు. ఆ రెండో రకం నుంచి ఫ్లోరైడ్ విడిపోవాలంటే నోటిలోని ఎంజైములు దాన్ని విరగ్గొట్టాలి. అందుకని నోరు బాగా ఎండినవాళ్లు మొదటి రకం వైపు మొగ్గడం నయం. మూలికల పేస్టుల్లో చాలావాటిలో ఫ్లోరైడ్ అసలు ఉండదు, లేబుల్ చదివి తీసుకోండి. నోరు మండుతుందంటే నురగ కోసం కలిపే సోడియం లారిల్ సల్ఫేట్ లేని, పుదీనా ఘాటు తక్కువున్న పేస్టు చూడండి. మంట వల్ల తోమడం మానేసినవాళ్లు ఆ మార్పుతో మళ్లీ తోమడం మొదలుపెడతారు.

ఎదురెదురుగా పెట్టి చూస్తే

| పద్ధతి | ఫ్లోరైడ్ గాఢత | ఎవరు, ఎంత తరచుగా | ఎక్కడ తేలిపోతుంది |
|---|---|---|---|
| మామూలు పేస్టు | 1000 పీపీఎం | తామే, రోజూ రెండుసార్లు | వేరు పుచ్చు మొదలయ్యాక ఒక్కటే చాలదు |
| ఎక్కువ ఫ్లోరైడ్ పేస్టు | 5000 పీపీఎం | తామే లేదా తోడున్నవాళ్లు, చీటీ మీద, రోజూ | ఉమ్మలేనివాళ్లకు, పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త |
| ఫ్లోరైడ్ పుక్కిలి ద్రవం | 0.05 శాతమైతే 225, 0.2 శాతమైతే 900 పీపీఎం | తామే, తోమే వేళ కాకుండా వేరే వేళ | పుక్కిలించలేకపోతే పనికిరాదు |
| వార్నిష్ పూత | 22,600 పీపీఎం | డెంటిస్టు, మూడు నుంచి ఆరు నెలలకు | వెళ్లడం మానేస్తే ఫలితం ఆగుతుంది |
| సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్ 38 శాతం | 44,800 పీపీఎం | డెంటిస్టు, ఏడాదికి ఒకటి రెండుసార్లు | పుచ్చిన చోటు నల్లబడుతుంది |
| ట్రేలో జెల్ | 5000 పీపీఎం | తామే, రోజూ 5 నుంచి 10 నిమిషాలు | ఓపిక, చేతి పట్టు రెండూ కావాలి |

5000 పేస్టు

వేరు పుచ్చుకు ఇంట్లో వాడేవాటిలో ముందు నిలబడేది ఇదే. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2018లో ఇచ్చిన సూచనల్లో కూడా వేరు మీది పుచ్చుకు 1.1 శాతం సోడియం ఫ్లోరైడ్ పేస్టుగానీ జెల్‌గానీ రోజుకు కనీసం ఒకసారి వాడటానికే మొగ్గు చూపారు. తోలులా ఉన్న మచ్చను మళ్లీ గట్టిపరచగలదు, అదే దీని గొప్ప.

మన దేశంలో మామూలుగా అమ్మే పేస్టుల్లో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదన్నది నిబంధన. అందుకే ఇది షెల్ఫులో కనబడదు, డెంటిస్టును అడిగి తెప్పించుకోవాల్సిందే. అమెరికాలో, బ్రిటన్‌లో కూడా చీటీ మీదే ఇస్తారు. అక్కడున్న పిల్లలు అమ్మానాన్నలకు పట్టుకొద్దామనుకుంటే, ముందు ఇక్కడి డెంటిస్టు పళ్లు చూసి అవసరమని చెప్పాక తేవడం సరైన పద్ధతి.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. గ్రాము పేస్టులో 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. పసివాళ్లకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు దాటితే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన మోతాదు. అంటే 10 కిలోల మనవడు 10 గ్రాములు, సుమారు రెండు చెంచాలు, తింటే చాలు. మామూలు పేస్టుల పక్కన పెట్టకండి. మందుల డబ్బాలో, ఎత్తున, మూత బిగించి ఉంచండి.

ఇది దొరక్కపోతే చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. 1000 పేస్టు రెండుపూటలా, మధ్యాహ్నం భోజనం తర్వాత ఫ్లోరైడ్ ద్రవం, మూడు నెలలకోసారి వార్నిష్. ఈ మూడూ కలిస్తే మంచి ప్రత్యామ్నాయమే.

పుక్కిలి ద్రవాలు

10 మి.లీ. నోట్లో పోసుకుని ఒక నిమిషం ఆడించి ఉమ్మేయాలి, తర్వాత అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. తోమిన వెంటనే వాడితే పేస్టులోని ఎక్కువ గాఢతను తక్కువ గాఢతతో కడిగినట్టవుతుంది. అందుకే వేరే వేళ ఎంచుకోవాలి. ఆల్కహాల్ ఉన్న ద్రవాలు నోటిని ఇంకా ఎండబెడతాయి.

చాలా ఇళ్లలో మౌత్‌వాష్ అంటే చిగుళ్ల జబ్బుకు రాసిచ్చిన క్లోర్‌హెక్సిడిన్ సీసానే. అది చిగుళ్ల వాపుకు మందు. పుచ్చు ఆపుతుందని దానిమీద భరోసా పెట్టుకోకండి. వారాల తరబడి వాడితే పళ్లు గోధుమరంగు పట్టి, రుచి చెడుతుంది. పేస్టుతో తోమిన అరగంటలోపు వాడితే దాని బలం కూడా తగ్గుతుంది.

ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. గ్లాసుడు నీళ్లలో పావు నుంచి అర చెంచా వంటసోడా కలిపి, తిన్న ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మేయడం. ఆమ్లాన్ని విరవడానికి లాలాజలం చేసే పనిలో ఒక ముక్క అది చేస్తుంది. అందులో సోడియం ఉంటుంది, బీపీ ఉన్నవాళ్లు మింగకూడదు. ఇది ఫ్లోరైడ్‌కు తోడు మాత్రమే.

వార్నిష్ పూత

పంటిని తుడిచి ఆరబెట్టి, పసుపురంగు జిగురు లాంటి మందును చిన్న బ్రష్‌తో చిగురంచు వెంట పూస్తారు. ఐదు నిమిషాల పని, నొప్పి లేదు, మత్తు సూది లేదు. లాలాజలం తగలగానే గట్టిపడి గంటలపాటు అంటుకుని ఉంటుంది. ఆ రోజు వేడి పానీయాలు, గట్టి తిండి వద్దు, మర్నాడు పొద్దుటిదాకా తోమకూడదు. మధ్యాహ్నం పూత వేయించుకుని ఇంటికి రాగానే వేడివేడి కాఫీ తాగి, రాత్రి బాగా రుద్ది తోముకునేవాళ్లున్నారు. ఆ పూత మీద పెట్టిన డబ్బులో సగం అక్కడే పోతుంది. ఇందులో ఉండే కోలొఫోనీ అనే చెట్టు జిగురు పడనివాళ్లకు వాడకూడదు, ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి.

ఎవరికి? ఇంట్లో రోజూ పద్ధతిగా చేసుకోలేనివాళ్లకు, ఉమ్మలేనివాళ్లకు. నోరు గట్టిగా ఎండితే ఆరు నెలలు మరీ దూరం, మూడు నెలలకు రమ్మనండి.

అదే క్లినిక్‌లో 1.23 శాతం ఆమ్ల ఫ్లోరైడ్ జెల్ పెడతామంటే ఆగి ఒక మాట అడగండి. దాని పీహెచ్ 3.5 దగ్గర ఉంటుంది. పింగాణీ తొడుగులు, గ్లాస్ అయొనమర్ ఫిల్లింగులు దానికి గరుకుబారతాయి, ఎండిన నోరు మండుతుంది. పెద్దవాళ్ల నోటికి ఆమ్లం లేని రకమే కావాలి.

సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్

ఇప్పటికే గుంటపడి, డ్రిల్లింగుకు కూర్చోలేని మనిషికి ఇది పెద్ద వరం. వెండి బ్యాక్టీరియాను చంపుతుంది, ఫ్లోరైడ్ పంటిని గట్టిపరుస్తుంది. పెదవులకు వాజలిన్ రాసి, పంటి చుట్టూ దూది పెట్టి, గుంటను ఆరబెట్టి, చిన్న బ్రష్‌తో నిమిషంపాటు రుద్దుతారు. ఒక్క చుక్క నాలుగైదు పళ్లకు సరిపోతుంది. మంచం దిగలేని మనిషికి ఇంటికొచ్చి కూడా చేయొచ్చు.

దీని ఇబ్బంది రంగు. పుచ్చిన భాగం శాశ్వతంగా బొగ్గులా నల్లబడుతుంది. పుచ్చని ఎనామిల్ నల్లబడదు. చిగురుకో పెదవికో తగిలితే మచ్చపడి కొన్ని రోజుల్లో పోతుంది, బట్టకు తగిలితే మాత్రం పోదు. ముందుపళ్లకు వేసే ముందు పెద్దావిడకు అద్దం చూపించి, ఈ గోధుమ మచ్చ నల్లగా మారుతుందని ఆమెకే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. పిల్లలు ఒప్పుకుంటే చాలదు. ఆ నోరు ఆమెది, నవ్వేది ఆమె. ఒప్పుకోకపోతే దవడపళ్లకు సిల్వర్, ముందుపళ్లకు వార్నిష్ వేసి, గుంటను గ్లాస్ అయొనమర్‌తో పూడ్చవచ్చు. వెండి పడనివాళ్లకు, నోటిపుండ్లు తెరుచుకుని ఉన్నవాళ్లకు, గుంట నరందాకా వెళ్లి నొప్పి పెడుతున్న పంటికి ఇది వద్దు.

ఒకసారి వేసి వదిలేస్తే మచ్చ మళ్లీ మెత్తబడొచ్చు. ఏడాదికి కనీసం ఒకసారి చూసి మళ్లీ వేయాలి.

ట్రేలో జెల్: రేడియేషన్ తీసుకున్నవాళ్లకు

నోటి క్యాన్సర్‌కో గొంతు క్యాన్సర్‌కో రేడియేషన్ జరిగితే లాలాజల గ్రంథులే దెబ్బతింటాయి. కొన్ని నెలల్లోనే నోటినిండా పుచ్చులు రావచ్చు. పుచ్చిన పన్ను పీకిద్దామంటే రేడియేషన్ పడ్డ దవడ ఎముక మానక కుళ్లే ప్రమాదం ఉంది. పీకించే అవకాశం అంత తేలిగ్గా ఉండదు కాబట్టి ఇక్కడ నివారణకు పూర్తి బలం పెట్టాలి.

నిలబడవని తేలిన పళ్లను రేడియేషన్‌కు ముందే తీయించి, గాయం మానడానికి రెండు మూడు వారాలైనా ఇవ్వాలి. మిగిలిన పళ్లకు అచ్చు తీసి మెత్తటి ట్రేలు చేయించుకోవాలి. రోజూ రాత్రి తోమాక, ట్రేలో ఆమ్లం లేని 1.1 శాతం సోడియం ఫ్లోరైడ్ జెల్ పలచటి గీతలా పెట్టి 5 నుంచి 10 నిమిషాలు ఉంచి, తీసి ఉమ్మేసి, అరగంట ఏమీ ముట్టకూడదు. జెల్ ఎక్కువ పోస్తే పక్కలకు కారి మింగేస్తారు, కడుపులో వికారం పెడుతుంది. ఇది దాదాపు జీవితాంతం చేసే పని. నోరు తెరుచుకోక ట్రే పట్టకపోతే, అదే మందును బ్రష్‌తో రాసుకోవడం మేలు. మానేయడం కంటే అది వెయ్యిరెట్లు నయం.

ఊట పెంచేవి, తడి ఇచ్చేవి

ఇవి సౌకర్యానికి మంచివి. పుచ్చు ఆపే పని మాత్రం ఫ్లోరైడ్‌దే.

నమలగలిగినవాళ్లకు చక్కెర లేని, దాని బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న చూయింగ్ గమ్ తిన్న తర్వాత పది ఇరవై నిమిషాలు నమలడం ఉపయోగం. గ్రంథిలో కొంత శక్తి మిగిలి ఉంటేనే ఊట వస్తుంది. జైలిటాల్ మరీ ఎక్కువైతే కొందరికి కడుపు ఉబ్బి విరేచనాలవుతాయి. ఇంట్లో కుక్క ఉంటే దానికి అందనివ్వకండి, జైలిటాల్ కుక్కలకు విషం. కట్టుడుపళ్లకు గమ్ అంటుకుంటుంది, వాళ్లు చక్కెర లేని బిళ్ల చప్పరించవచ్చు. నిమ్మపులుపు బిళ్లలు చక్కెర లేనివైనా వద్దు, పులుపే వేరును కరిగిస్తుంది.

కృత్రిమ లాలాజలం స్ప్రేగా, జెల్‌గా మందుల షాపులో దొరుకుతుంది. చాలావాటిలో ఉండేది కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్. పడుకునే ముందు జెల్ రాసుకుంటే నాలుక అంగిలికి అంటుకోకుండా నిద్రపడుతుంది. ఆమ్లం కలిపిన రకాలు పళ్లు లేనివాళ్లకే. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు కొలిచి తాగేవాళ్లకు చిన్న స్ప్రే సీసా పెద్ద ఆసరా.

ఊట పెంచే పైలోకార్పిన్ మాత్ర, 5 మి.గ్రా., ముఖ్యంగా రేడియేషన్ తర్వాత రోజుకు మూడుసార్లు, షోగ్రెన్ జబ్బుకు (ఒంట్లోని రక్షణ వ్యవస్థే లాలాజల, కన్నీటి గ్రంథులను దెబ్బతీసే జబ్బు) నాలుగుసార్లు డాక్టరు రాసిస్తారు. ఒళ్లంతా చెమటలు పట్టడం, మాటిమాటికీ మూత్రం రావడం మామూలు. అదుపులో లేని ఆస్తమా, నీటికాసుల్లో మూసుకున్న కోణం రకం ఉన్నవాళ్లకు పనికిరాదు.

పాలలోని ప్రోటీనుతో చేసే కాల్షియం ఫాస్ఫేట్ క్రీములు జివ్వుమనే పళ్లకు కొంత ఉపశమనమిస్తాయి. ధరకు తగ్గ లాభం అందరికీ కనబడదు, పాలు పడనివాళ్లకు వద్దు. డబ్బు ఒక్కదానికే ఉంటే వార్నిష్‌కే పెట్టండి.

వేపపుల్ల, పళ్లపొడి, నూనె పుక్కిలింత

వీటిని వాడేవాళ్లను తక్కువ చేయనక్కర్లేదు, ఏ నోటికి ఏది అన్నదే ఇక్కడి ప్రశ్న. వేపపుల్లతో అడ్డంగా గీరితే బయటపడ్డ వేరు అరిగి గాడిపడుతుంది. ఇటుకపొడి, బొగ్గు, ఉప్పు కలిసిన పళ్లపొడులు ఇంకా గరుకు. నువ్వులనూనె పుక్కిలిస్తే నోరు మెత్తగా, హాయిగా ఉంటుంది, చేసుకోవచ్చు. ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం వల్ల మింగడం కష్టమైనవాళ్లకు మాత్రం వద్దు. వీటిలో ఏదీ ఫ్లోరైడ్ ఇవ్వదు. పొద్దున పుల్ల వేసుకోవడం మానలేనివాళ్లయితే మెత్తగా నమిలి, కుచ్చుతో నిలువుగా వాడమనండి. రాత్రి మాత్రం పేస్టు.

నల్గొండ వాళ్ల ప్రశ్న

నల్గొండలో, ఉమ్మడి ప్రకాశం జిల్లా పొదిలి, కనిగిరి వైపు ఫ్లోరోసిస్ కళ్లారా చూసినవాళ్లు ఫ్లోరైడ్ పేస్టు అనగానే వెనకాడతారు. ఆ భయానికి కారణం ఉంది. ఎముకలు వంగదీసింది దశాబ్దాలపాటు బోరునీళ్లతో కడుపులోకి పోయిన ఫ్లోరైడ్. తాగేనీటికి భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే ఆధారం లేనప్పుడు 1.5 దాకా. పేస్టు విషయం వేరు. పావు గ్రాము పేస్టులో పావు మిల్లీగ్రాము ఉంటుంది, అందులో ఎక్కువ భాగం ఉమ్మేస్తాం. పెద్దవాళ్లకు పళ్లు ఏర్పడటం ఎప్పుడో అయిపోయింది కాబట్టి కొత్తగా పళ్ల మీద గారపట్టే మాటే లేదు. గారపట్టిన పళ్లకు కూడా చిగురు జారితే వేరు పుచ్చుతుంది. ఇంకా బోరునీళ్లే తాగుతున్నవాళ్లు, ఎముకల ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లు 5000 పేస్టు కంటే వార్నిష్ ఎంచుకోవడం మంచిది, మింగే లెక్క తక్కువ.

మీ ఇంట్లోవాళ్లు ఎవరిలా ఉన్నారు?

చేతులు బాగున్నాయి, బీపీ షుగర్ మాత్రలతో నోరు కొంచెం ఎండుతోంది, మచ్చలు లేవు: రాత్రి పేస్టు, మధ్యాహ్నం ఫ్లోరైడ్ ద్రవం, ఆరు నెలలకు వార్నిష్. ఇంతకంటే ఖర్చు అక్కర్లేదు. షుగర్ పడిపోయి గ్లూకోజ్ తీసుకున్నప్పుడు మాత్రం తేరుకున్నాక నోరు పుక్కిలించాలి.

వేర్ల మీద మెత్తటి మచ్చలు వచ్చేశాయి, మనిషి హుషారుగా ఉన్నారు: 5000 పేస్టు రెండుపూటలా, మూడు నెలలకు వార్నిష్. మచ్చ గట్టిపడిందని తేలాక 1000కి దిగొచ్చు.

తీసిపెట్టుకునే కట్టుడుపళ్లు: తీగ కొక్కెం పట్టుకునే పంటి దగ్గరే పుచ్చు మొదలవుతుంది. రాత్రి పళ్లసెట్టు తీసి నీళ్లలో వేసి, ఆ పంటి చుట్టూ వేలితో పేస్టు రాసి వదిలేయాలి. సెట్టు పెట్టుకునే పడుకోవడం ఈ నోటికి చాలా చేటు.

మతిమరుపు, పక్షవాతం, ఉమ్మలేరు: 5000 పేస్టు వద్దు. తోడున్నవాళ్లు వెనకవైపు నిలబడి తలను తమకు ఆనించుకుని, బియ్యపుగింజంత 1000 పేస్టుతో తోమి, తడిగుడ్డతో నురగ తుడిచేయాలి. నిటారుగా కూర్చోబెట్టి చేయాలి, పడుకోబెట్టి కాదు. పక్షవాతం వచ్చిన వైపు బుగ్గలో అన్నం మెతుకులు నిలిచిపోతాయి, వేలికి గుడ్డ చుట్టి తీయాలి. బరువంతా వార్నిష్, సిల్వర్ మందుల మీద వేయండి.

ఊళ్లో ఒంటరిగా ఉండే అమ్మ, డెంటిస్టు ముప్పై కిలోమీటర్ల దూరం: ఏడాదికి రెండుసార్లే వెళ్లగలిగితే ఆ రెండింటినీ పండక్కి మీరు వెళ్లే రోజులకు కలపండి. ఒకే రోజు మెత్తటి గుంటలకు సిల్వర్, మిగతా వేర్లకు వార్నిష్ వేయించి, 5000 పేస్టు ఆరు నెలలకు సరిపడా ఇవ్వండి. ఫోనులో ‘పళ్లు తోముకున్నావా’ అనకుండా ‘రాత్రి తోమాక నీళ్లు పోసుకున్నావా’ అని అడగండి.

నోటితోపాటు కళ్లు కూడా ఇసుక పడ్డట్టు ఎండుతుంటే, చెవికింద గ్రంథులు వాస్తుంటే, షోగ్రెన్ కోసం రుమటాలజిస్టును కలవాలి. అప్పటిదాకా మెత్తటి మచ్చలున్నవాళ్ల పద్ధతే పాటించండి.

ఎంచుకున్నది పనిచేస్తోందో లేదో మూడు నెలలకు తేలుతుంది. మొదటిరోజే ఏ పంటికి మచ్చ ఉందో ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. మూడు నెలల తర్వాత అదే వెలుతురులో మళ్లీ తీసి, డెంటిస్టు చేత తాకించి చూడండి. మచ్చ ముదురు రంగుకు తిరిగి, గట్టిపడి, చిగురంచు నుంచి కొంచెం దూరం జరిగినట్టుంటే అదే కొనసాగించండి. ఇంకా పసుపుగా, తడిగా, మెత్తగా ఉంటే ముందు బుగ్గలో ఏముందో చూడండి, తర్వాత రాత్రి ఎవరు తోముతున్నారో. ఆ రెండూ సరిగా ఉన్నాయని తేలాకే పైమెట్టు మందుకు వెళ్లండి.